చూరు కూడా ఇల్లే

ఉరుము వినిపిస్తే చాలు, ఇప్పటికీ నా కడుపు మండుతుంది. భయం కాదు, కోపం. వాన మొదలవగానే వాకిట్లోకి పరుగెత్తి మొహం తడుపుకునే మనుషులను చూస్తే నాకు అసూయ. నాకైతే ఆకాశం గుర్రుమనగానే మా మేనమామ మొహమే కళ్ల ముందుకొస్తుంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. అనేవాళ్లను అననివ్వండి. వాళ్ల తమ్ముణ్ణి ఎవరూ వానలోకి వెళ్లగొట్టలేదు.

మాది వేములపల్లి పక్కన చిన్న ఊరు. గొర్లు కాసుకునే కుటుంబం. నాన్న పోయాక అమ్మ నన్నూ తమ్ముణ్ణీ వెంటబెట్టుకొని తన అన్న ఇంటికి చేరింది. మామకు పిల్లల్లేరు, అత్త అంతకు ముందే పోయింది. ఆ ఇంట్లో వంటా, ఊడ్పూ, పేడకళ్లు ఎత్తడం అమ్మ వంతు. గొర్ల వెంట తిరగడం తమ్ముడి వంతు. మాట మాత్రం మామది. నన్ను కోదాడ అవతల అనంతగిరి వైపు ఇచ్చారు కాబట్టి ఆ మాట కింద నుంచి నేనొక్కదాన్నే బయటపడ్డాను.

మా వాళ్లలో ఒక పట్టింపు ఉంది. ఉరుములూ మెరుపులూ ఉన్నప్పుడు మేనమామా మేనల్లుడూ ఒక కప్పు కింద ఉండకూడదు. ఉంటే ఆ ఇంటి మీదే పిడుగు పడుతుందట. ఎప్పుడో పురాణాల కాలంలో ఒక మేనమామ తన చెల్లెలికి పుట్టిన పసిగుడ్డును రాతికేసి కొట్టబోతే, ఆ బిడ్డ చేతిలోంచి జారి పైకెగిరి మెరుపయిందట. అప్పటి నుంచి ఈ వరుసవాళ్లిద్దరూ జతగా కనిపిస్తే ఆ మెరుపుకు పగ రేగుతుందట. ఈ కథ నాకు మామే చెప్పాడు. "మరి తప్పు చేసింది మేనమామ గద, మేనల్లుడెందుకు తడవాలె?" అని అప్పుడే అడిగాను. నెత్తిన మొట్టికాయ పడింది. జవాబు ఈ రోజుకీ రాలేదు.

ఇద్దరిలో ఒకరు బయటికి పోవాలన్నదే పట్టింపు. ఎవరు పోవాలన్నది అందులో లేదు. మా ఇంట్లో పోయేవాడు మాత్రం ఎప్పుడూ తమ్ముడే. మొదట్లో వాడు వాకిట్లో చూరు కింద గోడకు ఆనుకొని నిలబడేవాడు. "చూరు గూడ ఇల్లేరా, అవతలికి నడువ్" అన్నాడు మామ. గొడ్ల కొట్టంలో దూరితే, కొట్టం గోడ ఇంటి గోడకు కలిసి ఉందన్నాడు. పక్కింటి అరుగు మీద కూర్చుంటే, వాళ్ల కప్పు మన కప్పును తాకుతోందన్నాడు. అట్లా తరిమి తరిమి చివరికి మిగిల్చింది ఊరి బయట గడ్డ మీద ఉన్న గొర్ల దొడ్డి. చుట్టూ ముళ్లకంప. పక్కన ఒంటరి తాటిచెట్టు. దాని మొదట్లో ఒక మనిషి మోకాళ్లు ముడుచుకొని కూర్చునేంత తాటాకు పందిరి. పిడుగు నుంచి కాపాడడానికి మనిషిని పంపేది అక్కడికా! మతి ఉన్నవాడెవడైనా ఆ పని చేస్తాడా? మా మామ చేశాడు, ఊరంతా సరే అంది.

వాడటు పోగానే, పిడుగు పడకుండా, మామ ఇంట్లోని రోకలిని వాకిట్లోకి విసిరేయించేవాడు. గొడ్డలీ కొడవలీ మూలకు తోయించేవాడు. తర్వాత నట్టింట్లో గొంగడి పరుచుకొని, కళ్లు మూసుకొని దేవుళ్లను తలుచుకునేవాడు. వాన వెలిశాక తమ్ముడు నీళ్లోడుతూ వచ్చి, గడపవతల నుంచే "మామా, రావాల్నా?" అని అడిగేవాడు. మామ ఆకాశం వంక చూసి తలూపితేనే లోపలికి అడుగు.

మామ మీద ఉన్నంత కోపమూ నాకు అమ్మ మీదా ఉండేది. ఆయన నోరు తెరిచి పొమ్మనే అవసరం కూడా రానిచ్చేది కాదు. ఉరుము వినపడగానే మామ అమ్మ వైపు చూసేవాడు. అమ్మ దండెం మీది గొంగడి తీసి తమ్ముడి చేతికిచ్చేది. అన్నం పెట్టినంత మామూలుగా ఇచ్చేది. "ఎందుకే అట్ల ఇస్తవ్?" అని పెళ్లికి ముందు ఒకసారి ఆమె మీద విరుచుకుపడ్డాను. "తడవకుంట ఉంటడని" అంది. తల కొట్టుకోవాలనిపించింది.

ఉన్నమాట చెప్పాలి కాబట్టి ఇదీ చెప్తాను. నైజాం రాజ్యం కూలిపోయే ముందు మా వైపు ఊళ్లలో బతుకు బతుకులా లేదు. తుపాకులు పట్టినవాళ్లు ఎప్పుడు ఊరి మీద పడతారో, ఎవరి మగపిల్లల్ని పట్టుకుపోతారో తెలిసేది కాదు. అట్లాంటి ఒక పొద్దున మామ తమ్ముణ్ణి గడ్డివాములో దాచి, ఆ వామి ముందు నిలబడి, తుపాకి మడమతో దవడ మీద దెబ్బ తిని కూడా నోరు విప్పలేదు. ఆ దెబ్బకు రెండు పళ్లు పోయాయి. నాకిది తెలుసు. తెలుసు కాబట్టే ఇంకా మండుతుంది. తుపాకికి అడ్డం నిలబడినవాడు ఒక మబ్బుకు వణికి అదే పిల్లవాణ్ణి బయటికి నెట్టడమేమిటి?

రాజ్యం మారిన తర్వాతి ఎండాకాలం నేను పురిటికి వచ్చాను. కొడుకు పుట్టాడు. ఇల్లంతా సంబరం. తమ్ముడైతే గొర్లు మేపి వచ్చి, చెమట ఒంటితోనే పసివాడి పక్కన బోర్లా పడుకొని, వాడి పిడికిట్లో తన వేలు పెట్టి అట్లాగే ఉండిపోయేవాడు. "అక్కా, పుట్టెంటికలు తీసేటప్పుడు నా ఒళ్లెనే గద కూసోబెడ్తరు?" అని రోజూ అడిగేవాడు. "నీ ఒళ్లోనేరా, మేనమామ ఒళ్లో కాక మరెవరి ఒళ్లో?" అనేదాన్ని. "చెవులు కుట్టేటప్పుడు గూడ?" "అప్పుడూ నీ ఒళ్లోనే. నీ పంచె తడుపుతడు, చూస్కో" అంటే పడీ పడీ నవ్వేవాడు.

పక్కింటి ముసలవ్వ బిడ్డను చూడవచ్చి, బుగ్గలు నిమిరి, నెమ్మదిగా ఒక పుల్ల వేసి పోయింది. "మగపిలగాడు పుట్టె. ఇంట్ల ఇగ ఇద్దరు మేనల్లుళ్లు, ఇద్దరు మేనమామలు. వానకాలం జర పైలం."

మామకు అప్పటిదాకా ఆ లెక్క తట్టలేదు. తట్టిన క్షణం నేను చూశాను, ఆయన మొహంలో దిగులు కాదు, ఏదో ఊరట కనిపించింది. అంతకు ముందు తమ్ముణ్ణి పంపడానికి కారణం ఆయన ప్రాణభయం. ఇప్పుడు అదే పనికి నా కొడుకు పేరు దొరికింది.

"ఇనుర్రి" అన్నాడు ఆ సాయంత్రమే. "ఇగ నా సంగతి ఇడువుర్రి. నేను పొలానికి పోయినా, సూర్యాపేట సంతకు పోయినా, ఉరిమితే వాడు మాత్రం ఇంట్ల ఉండొద్దు. పసిగుడ్డుకు మేనమామ వాడే."

"మరి నువ్వో?" అన్నాను.

"నేను తాతను గద బిడ్డా!" అన్నాడు నవ్వుతూ. పళ్లు లేని ఆ సందు చూపిస్తూ.

నా కొడుకును అడ్డం పెట్టుకొని నా తమ్ముణ్ణి తరుముతాడా!

పసివాడికి మూడో నెల వచ్చింది. ఎండ మండిపోతోంది. ఒక మధ్యాహ్నం తమ్ముడు మందను దొడ్డికి తోలి, చలిజ్వరంతో పళ్లు టకటకలాడుతుంటే ఇంటికొచ్చి నట్టింట్లో పడ్డాడు. అమ్మ గంజి తాగించింది. వాడు రెండు గుక్కలు తాగి మూసిన కన్ను తెరవలేదు. పొద్దు వాలుతుండగా పాలకీడు దిక్కున మబ్బు లేచింది. ముందు దుమ్ము కొట్టింది, ఆ వెనక చల్లగాలి. ఉరుము ఎక్కడో దూరంగా దొర్లింది.

మామ అమ్మ వైపు చూశాడు. అమ్మ దండెం వైపు నడిచింది.

"ఆగు!" అని అరిచాను. ఒళ్లోని పిల్లవాడు ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు. "తమ్ముడి ఒళ్లు పట్టుకొని చూడు ముందు. పెనంలా కాలుతోంది. వీణ్ణి ఈ గాలిలో గడ్డ మీదికి పంపిస్తావా?"

"పిడుగుకు జరమని తెలుస్తదా?" అన్నాడు మామ.

"అట్లయితే నువ్వు పో. ఇవ్వాళ ఒక్కరోజు నువ్వు పో మామా. నీకు జ్వరం లేదు గదా."

"నేను పోత. పోనని ఎవడన్నడు? నేను పోయినా వాడు ఉండరాదు గద! నీ ఒళ్లె ఉన్నడు సూడు, వాడు ఎవనికి మేనల్లుడు?"

"అట్లయితే నా కొడుకును తీసుకొని నేను పోతా. మేనల్లుడే పోతాడు ఈసారి. నీ పట్టింపు నిలబడుతుంది, నా తమ్ముడూ పడుకుంటాడు."

నేను నిజంగానే లేచాను, పసివాణ్ణి కొంగులో చుట్టాను. మామ గడపకు అడ్డం వచ్చాడు. "బాలింతవు వానల అడుగువెడ్తవా? కోదాడ అవతలికి పోయి నోరు మంచిగ నేర్చినవ్! నీ అత్తగారోళ్లకు నేనేం జవాబు చెప్పాలె?"

"నా అత్తగారివాళ్లకు నేను చెప్పుకుంటా. నువ్వు మా నాన్నకేం జవాబు చెప్తావో అది చూసుకో!"

మామ చెయ్యెత్తాడు. ఆ చెయ్యి నా మీద పడేదో లేదో నాకు తెలియదు. అప్పటికే తమ్ముడు గోడ పట్టుకొని లేచి నిలబడ్డాడు.

"ఊకో అక్కా. పిలగాడు ఏడుస్తుండు. నేను పోత తియ్" అన్నాడు. అమ్మ చేతిలోని గొంగడి తనే అందుకున్నాడు. పోతూ పోతూ పసివాడి పాదం మీద చెయ్యేసి, ఆ చెయ్యి వేడిగా ఉందనేమో, చటుక్కున తీసేశాడు.

వాన పెద్దగా రాలేదు. గాలీ ఉరుములే. మామ గొంగడి మీద కూర్చున్నాడు, అమ్మ పొయ్యి దగ్గర కూర్చుంది, నేను తలుపు దగ్గర నిలబడ్డాను. "ద్వారబంధం కాడ నిలవడొద్దు బిడ్డా" అన్నాడు మామ. నేను కదల్లేదు. అప్పుడే ఇల్లంతా తెల్లగా అయిపోయింది. చప్పుడు తర్వాత వచ్చిందో, దాంతో పాటే వచ్చిందో చెప్పలేను. ఉట్టి మీది కుండ కిందపడి పగిలింది. తలుపు సందులోంచి చూస్తే గడ్డ మీది తాటిచెట్టు తల మండుతోంది.

పసివాణ్ణి అమ్మ ఒళ్లో పడేసి పరుగెత్తాను. బాలింతనో, వానో, ఏదీ గుర్తు లేదు. దొడ్డిలో గొర్లు ఒకదాని కడుపు కింద ఒకటి తలలు దూర్చుకొని ఉన్నాయి. చెట్టు వైపు ఉన్నవి ఉన్నచోటే పడి చచ్చాయి. తమ్ముడు పందిరి అవతల వెల్లకిలా పడి ఉన్నాడు. గొంగడి పొగలు కక్కుతోంది, కాలిన ఉన్ని వాసన. చెవుల్లోంచి రక్తం. ఛాతీ మీద చెవి పెట్టాను. కొట్టుకుంటోంది.

ఊరి మగవాళ్లు వచ్చారు. వచ్చి ఏం చేశారనుకున్నారు? బండి కట్టలేదు. పెంటకుప్పలో గొయ్యి తీసి నా తమ్ముణ్ణి మెడదాకా పూడ్చారు. పిడుగు వేడిని పేడ గుంజుకుంటుందట. "మిర్యాలగూడెం దవాఖానకు తీస్కపోండ్రి, మీ కాళ్లు మొక్కుతా!" అని మొత్తుకున్నాను. ఒక్కడూ వినలేదు. చూసి చూసి, వాడి మెడ దగ్గరి పేడను వేళ్లతో తోడడం మొదలుపెట్టాను. నన్ను ఇద్దరు రెక్కలు పట్టి లాగేశారు. మామ తమ్ముడి తల దగ్గర కూలబడి, "అల్లుడా, కండ్లు తెరువురా" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. అయినా నాకు జాలి కలగలేదు.

చీకటి పడే వేళకు వాడు కళ్లు తెరిచాడు. అందరూ పేడకు దండం పెట్టారు.

మర్నాడు నేను పట్టుబట్టి బండి కట్టించి మిర్యాలగూడెం తీసుకుపోయాను. ఊపిరాడుతున్న మనిషిని అట్లా పూడుస్తారా, గాలాడక పోయేవాడు కదా అని అక్కడి డాక్టరు మామను కడిగేశాడు. నాకు చల్లగా అనిపించింది. కాలిన భుజం మానుతుందన్నాడు. చెవుల సంగతి తన చేతిలో లేదన్నాడు. సూర్యాపేటలో ఇంకెవరో ఉన్నారంటే అక్కడికీ వెళ్లాం. అక్కడా అదే మాట. నా తమ్ముడికి ఇక ఏమీ వినిపించదు. బండిలో తిరిగొస్తుంటే వాడు పదే పదే ఎద్దుల మెడల వైపు చూస్తున్నాడు. గంటలు ఊగుతున్నాయి.

ఊళ్లోకి అడుగుపెట్టగానే మొదలైంది. వచ్చినవాళ్లందరూ మామను మెచ్చుకునేవాళ్లే. "మంచిపని చేసినవ్. వాడు ఇంట్లె ఉంటే ఆ పిడుగు ఇంటి మీదనే పడుతుండె. పసిగుడ్డు బతుకుతుండెనా?" పక్కింటి ముసలవ్వ నా కొడుక్కు దిష్టి తీసింది. మామ మొదట్లో తల వంచుకొనే విన్నాడు. వినగా వినగా ఆయన తల నెమ్మదిగా పైకి లేచింది. చివరికి ఒకరోజు అందరి ముందూ నాతో అన్నాడు.

"సూసినవా బిడ్డా? నీ మాట ఇని ఉంటే ఏమయితుండె?"

నా తమ్ముడు రెండు గజాల దూరంలో కూర్చొని ఉన్నాడు. అక్కడ మాట్లాడుతున్నది తన గురించేనని కూడా వాడికి తెలియదు. అందరూ నవ్వుమొహాలతో ఉంటే వాడూ నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను లోపలికి పోయి నోట్లో కొంగు కుక్కుకున్నాను. వీళ్లు మారరు. ఈసారి ఉరిమితే మళ్లీ పంపిస్తారు. పోయినసారి పిడుగు చెవులతో సరిపెట్టుకుంది. ఈసారి వాణ్ణి మొత్తంగా తీసుకుపోతుంది. ఉరుము వినపడని మనిషి, దగ్గరికొచ్చిందో దూరం పోయిందో తెలియని మనిషి, ఆ గడ్డ మీద ఒంటరిగా! మా అత్తగారి ఊరి నుంచి బండి వచ్చినా నేను వెళ్లలేదు. "ఇంకొన్నాళ్లు" అని తిప్పి పంపాను.

మిరుగు కార్తె వచ్చింది. మొదటి వానకు ముందు, మధ్యాహ్నమే ఇల్లు చీకటి పడింది. తమ్ముడు గోడకు ఆనుకొని తాడు పేనుకుంటున్నాడు. మామ నట్టింట్లో ఉన్నాడు. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. ఉరుము పెద్దగానే ఉరిమింది. తమ్ముడి చేతులు ఆగలేదు. వాడు తాడు పేనుతూనే ఉన్నాడు.

మామ అమ్మ వైపు చూశాడు.

అమ్మ చేట పక్కన పెట్టింది. దండెం మీద కొత్త గొంగడి ఉంది, కాలినదాని బదులు మామే కొన్నాడు. అది తీసింది. ఆ కదలిక తమ్ముడు చూశాడు. మామ మొహం చూశాడు, నా మొహం చూశాడు, వాకిట్లో వెలుగు చూశాడు. అర్థమైంది. తాడు పక్కన పెట్టి, చెయ్యి నేలకు ఆనించి లేవబోయాడు.

నేను ఉయ్యాలలోంచి నా కొడుకును తీసి వాడి ఒళ్లో పెట్టాను.

వాడు లేవలేకపోయాడు. జడుసుకొని పసివాణ్ణి రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఏం జేస్తున్నవ్!" మామ గొంతు చీలిపోయింది. "పిచ్చి లేసిందా? ఇంటిమీదికి తెస్తవా?"

"మేనల్లుణ్ణి మేనమామ ఒళ్లో పెట్టా. పడితే మా ముగ్గురి మీదా పడనీ. భయమున్నవాళ్లు బయటికి పోవచ్చు."

"నా ఇల్లు ఇది!"

"అవును, నీ ఇల్లే. నీ ఇంటి మీదే పడుతుంది."

మళ్లీ ఉరిమింది, ఈసారి గోడలదిరేలా. మామ అమ్మ వైపు తిరిగాడు. అమ్మ గొంగడి పట్టుకొని నట్టింట్లో నిలబడి ఉంది. తమ్ముడి వైపు రెండడుగులు వేసింది. వాడి దగ్గర ఒక్క క్షణం ఆగి, వాడి భుజం మీది కాలిన మచ్చను చూసింది. అక్కడి నుంచి వెనక్కి తిరిగి, తన అన్న దగ్గరికి పోయి, గొంగడి ఆయన చేతుల్లో పెట్టింది.

"ఇగో అన్నా. తడవకుంట ఉంటవ్" అంది.

మామ ఆ గొంగడి వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. అమ్మ అప్పటికే మళ్లీ చేట ముందు కూర్చుంది. ఆయన గడప దాటి చూరు కింద నిలబడ్డాడు. చినుకులు మొదలయ్యాయి. నేను తలుపు దగ్గరికి వెళ్లాను.

"చూరు కూడా ఇల్లే మామా" అన్నాను.

ఆయన తల మీద గొంగడి కప్పుకొని వాకిలి దిగి, వానలో దొడ్డి వైపు నడిచాడు. ఆ రోజు ఎవరి మీదా ఏమీ పడలేదు. ఆయన తడిసి వచ్చి గడపవతల నిలబడ్డప్పుడు లోపలికి రమ్మని అమ్మే పిలిచింది. ఆ తర్వాత మా ఇంట్లో ఉరిమినప్పుడు ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. నాకు పాపమనిపించిందా అని అడిగారు కొందరు. అనిపించలేదు.

మామ వానలోకి పోతుంటే తమ్ముడు తెరిచి ఉన్న తలుపులోంచి చూస్తూనే ఉన్నాడు. వాడి గొంతు అప్పటికే కొంచెం పెద్దదయింది, చెవులు వినపడనివాళ్ల గొంతులాగా.

"అక్కా, మామ ఎటు పోతుండు? ఇంకా ఉరుముతున్నదా?"

ఉరుముకు ఉట్టి మీది కుండలు గలగలలాడుతున్నాయి. నేను వాడి ఎదురుగా కూర్చొని, లేదని తల ఊపాను. మామ గొర్లను చూడ్డానికి పోతున్నాడని చేత్తో సైగ చేశాను. వాడు సరేనని పసివాణ్ణి ఛాతీకి హత్తుకొని, మళ్లీ గోడకు ఆనుకున్నాడు.